లుకేమియాకు టార్గెటెడ్ మందులు వాడేవారికి ఇన్ఫెక్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

లుకేమియా అంటే రక్త క్యాన్సర్. దానికి వాడే టార్గెటెడ్ మందు, అంటే క్యాన్సర్ కణంలోని ఒక ప్రొటీన్‌కు గురిపెట్టిన మందు, చాలావరకు ఇంట్లో కూర్చుని నీళ్లతో మింగే మాత్రే. జుట్టు రాలదు, వాంతులు పెద్దగా ఉండవు. అందుకే "ఇది కీమో కాదు కదా" అన్న ధీమా తొందరగానే వచ్చేస్తుంది. జ్వరం వచ్చిన రోజు ఆ ధీమాయే దెబ్బ తీస్తుంది. ఈ జవాబులు పేషెంట్ల కోసం, వాళ్లను చూసుకునే ఇంటివాళ్ల కోసం. మోతాదు మార్చడం మీ హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టరు) పని. ఎందుకు మారుస్తారో తెలిసి ఉంటే మాత్రం అడగాల్సిన మాట సమయానికి అడగగలరు.

కీమో కానప్పుడు ఇన్ఫెక్షన్ల భయం ఎందుకు?

మందు గురిపెట్టిన ప్రొటీన్ క్యాన్సర్ కణంలోనే ఉండదు, మనల్ని కాపాడే కణాల్లోనూ ఉంటుంది. ఇబ్రుటినిబ్ అడ్డుకునే బీటీకే అనే ప్రొటీన్నే తీసుకోండి. అది పుట్టుకతోనే పనిచేయని పిల్లల్లో యాంటీబాడీలు తయారుకావు, న్యుమోనియాలు మళ్లీమళ్లీ వస్తాయి. ఆ జబ్బును 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికన్ డాక్టరు వివరించాడు. బీటీకే పేరులోని మొదటి అక్షరం ఆయనదే. అదే ప్రొటీన్ను మాత్రతో అడ్డుకుంటే రక్షణ కొంత తగ్గక తప్పదు. దీనికితోడు జబ్బు చేసే నష్టం ఉండనే ఉంది. సీఎల్ఎల్ అనే నెమ్మదిగా పెరిగే లుకేమియాలో మందు మొదలుపెట్టకముందే తరచుగా యాంటీబాడీలు తగ్గిపోయి ఉంటాయి.

ఏ మందుతో ఎంత ప్రమాదం?

అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. సీఎమ్ఎల్ అనే రకం లుకేమియాకు రోజూ 400 మి.గ్రా. ఇమాటినిబ్ వాడుతూ, రక్తకణాల లెక్క నిలకడగా ఉన్నవారు దాదాపు మామూలుగా బతకొచ్చు. ఉద్యోగం, పెళ్లిళ్లు, ప్రయాణాలు, దేనికీ అడ్డులేదు. మొదటి కొన్ని నెలల్లో తెల్లకణాలు పడిపోవచ్చు, అప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. దసాటినిబ్ అదే జబ్బుకు వాడినా రోగనిరోధక కణాల మీద దాని ప్రభావం ఎక్కువ.

బీటీకేను అడ్డుకునే ఇబ్రుటినిబ్, అకాలాబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్ వాడేవారిలో న్యుమోనియా, సైనస్ ఇన్ఫెక్షన్లు, అరుదుగా ఫంగస్ కనిపిస్తాయి. మొదటి ఆరు నెలలు, పక్కన స్టెరాయిడ్లు కూడా వాడుతున్న రోజులు ఎక్కువ ప్రమాదం. వెనెటోక్లాక్స్ దారి వేరు. అది బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్‌ను నేరుగా తగ్గిస్తుంది. ఏఎమ్ఎల్ అనే వేగంగా పెరిగే లుకేమియాలో అజాసిటిడిన్ అనే మందుతో కలిపి ఇస్తే ఆ తగ్గుదల తీవ్రంగా, వారాల తరబడి ఉంటుంది. ఈ మొత్తంలో బాగా భయపడాల్సిన దశ ఇదే. ఐడెలాలిసిబ్‌తో ఇన్ఫెక్షన్ మరణాలు పెరిగాయని 2016లో కొన్ని ప్రయోగాలనే ఆపేశారు. దాన్ని ఇప్పుడు అరుదుగానే రాస్తున్నారు.

రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్ సెలైన్ ద్వారా ఎక్కించేవి. వీటితో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు తుడిచిపెట్టుకుపోయి నెలల తరబడి తిరిగి రావు.

సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో ఏ అంకె చూడాలి?

టోటల్ కౌంట్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. దాన్ని న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి 100తో భాగించండి. తెల్లకణాలు 1,800, న్యూట్రోఫిల్స్ 20 శాతం అనుకుందాం. అంటే 360. చాలా రిపోర్టుల్లో ఈ లెక్క వేసి ఉండదు, మనమే వేసుకోవాలి. 1,500 పైన ఉంటే ఫరవాలేదు. 1,000 కంటే తగ్గితే డాక్టరుకు ఫోన్ చేయాలి. 500 కంటే తక్కువైతే మామూలుగా మన నోట్లో, పేగుల్లో ఉండే బ్యాక్టీరియాయే రక్తంలోకి చొరబడగలదు.

లుకేమియాలో ఇంకో మెలిక ఉంది. టోటల్ కౌంట్ 40,000 ఉన్నా అందులో అధికభాగం పనికిరాని కణాలు కావచ్చు. "కౌంట్ ఎక్కువే ఉంది, ఇన్ఫెక్షన్ రాదు" అనుకోవడం తప్పు.

ఎంత జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్లాలి?

నోట్లో థర్మామీటర్ పెట్టి చూస్తే ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చినా, 100.4 వచ్చి గంటసేపు దిగకపోయినా వెళ్లాలి. రాత్రి రెండైనా సరే, తెల్లారేదాకా ఆగకూడదు. చంకలో పెడితే దాదాపు ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది. కాబట్టి చంకలో 99.5 అంటే నోట్లో కొలిచి చూడాల్సిందే. వేడి కాఫీ తాగి ఉంటే పావుగంట ఆగి కొలవండి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టొద్దు, ఎనిమా వద్దు. అక్కడి చిన్న గీత కూడా బ్యాక్టీరియాకు దారి అవుతుంది.

కొలవకుండా పారాసిటమాల్ వేసుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. 650 మాత్ర జ్వరాన్ని దించుతుంది, ఇన్ఫెక్షన్‌ను దించదు. ఆసుపత్రికి చేరేసరికి 98.6 చూపిస్తుంది, డ్యూటీ డాక్టరు ఇంటికి పొమ్మంటాడు. ముందు కొలవండి, టైముతో సహా రాయండి, ఆ తర్వాతే మాత్ర.

జ్వరం లేకుండానే ఒళ్లంతా వణుకు, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గడం, ఆయాసం కనిపించినా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. స్టెరాయిడ్లు వాడేవారిలో జ్వరం బయటపడకపోవచ్చు.

ముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే?

వద్దు. ఆ సిరంజిలో ఏముందో మీకు తెలియదు. డెక్సామెథసోన్ ఉంటే రెండు రోజులు జ్వరం దిగినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. డైక్లోఫెనాక్ ఉంటే రక్తస్రావం భయం. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారికి, ఇబ్రుటినిబ్ వాడేవారికి పిరుదు మీద ఇంజెక్షన్ చేసినచోట రక్తం గడ్డకట్టి ముద్దలా తయారవుతుంది, ఆ ముద్దే తర్వాత చీము పట్టొచ్చు. ఆయన సాయం కావాలంటే బండి ఏర్పాటు చేయమనండి.

క్యాజువాలిటీలో ఏం చెప్పాలి?

మొదటి వాక్యం ఇలా ఉండాలి: "లుకేమియాకు ఫలానా మాత్ర వాడుతున్నాం, 101 జ్వరం, న్యూట్రోఫిల్స్ తక్కువ." చివరన చెప్తే లైన్లో కూర్చోబెడతారు. యాంటీబయాటిక్ మొదటి డోసు గంటలోపు నరంలోకి వెళ్లాలి. దానికి ముందే రెండు సెట్ల బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవి ఉందేమో పెంచి చూసే పరీక్ష) తీయాలి. యాంటీబయాటిక్ పడ్డాక తీస్తే సూక్ష్మజీవి దొరికే అవకాశం తగ్గుతుంది.

పర్సులో ఒక చీటీ పెట్టుకోండి. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, చివరి సీబీపీ, హెపటైటిస్ బి పరీక్ష ఫలితం, పడని మందులు, హెమటాలజిస్టు ఫోన్ నంబరు. కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరే రాయాలి. ఒకే ఇమాటినిబ్ పది పేర్లతో దొరుకుతుంది, ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరుకు ఆ పదీ తెలియవు.

జ్వరం వచ్చింది కదా అని క్యాన్సర్ మాత్ర మేమే ఆపేయొచ్చా?

ఆపొద్దు, ఫోన్ చేసి అడగండి. సీఎమ్ఎల్‌లో సాధారణంగా న్యూట్రోఫిల్స్ 1,000 కంటే, ప్లేట్‌లెట్లు 50,000 కంటే పడితే డాక్టర్లు ఆపి, 1,500, 75,000 దాటాక మళ్లీ మొదలుపెడతారు. జలుబుకు ఆపరు. సీఎల్ఎల్‌కు వెనెటోక్లాక్స్‌ను 20, 50, 100, 200, 400 మి.గ్రా. చొప్పున వారానికో మెట్టు పెంచుతారు. మధ్యలో రోజుల తరబడి ఆపితే కొన్నిసార్లు కింది మెట్టు నుంచి మళ్లీ ఎక్కాలి.

వేరే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ వేసుకోవచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఈ మాత్రల్లో చాలావాటిని కాలేయంలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే మందు కలిస్తే క్యాన్సర్ మందు రక్తంలో పేరుకుపోతుంది. ఎంజైమ్‌ను రెచ్చగొట్టే మందు కలిస్తే, వేసుకున్న మాత్ర వేసుకోనట్టే అవుతుంది.

అడ్డుకునేవాటిలో ముందు చెప్పుకోవాల్సినవి ఫంగస్ మందులు: వొరికొనజోల్, పోసకొనజోల్, ఇట్రాకొనజోల్. తామరకు చర్మం డాక్టర్లు ఇట్రాకొనజోల్ విరివిగా రాస్తారు, అది "పై పూతలాంటిదే" అనుకుని ఎవరూ చెప్పరు. దగ్గుకు రాసే క్లారిత్రోమైసిన్ ఇదే జాతి. కోవిడ్‌కు ఇచ్చే మాత్రల్లోని రిటోనావిర్ కూడా అంతే. ఫ్లూకొనజోల్, సిప్రోఫ్లాక్సాసిన్‌ల ప్రభావం ఓ మోస్తరు.

తప్పనిసరై కలిపి వాడాల్సివస్తే మోతాదు బాగా తగ్గిస్తారు. రోజుకు 400 మి.గ్రా. వెనెటోక్లాక్స్ వాడేవారికి పోసకొనజోల్ కలిస్తే 70కి దించుతారు. 420 వాడే ఇబ్రుటినిబ్‌ను వొరికొనజోల్‌తో 140కి తెస్తారు. "ఇంత తక్కువ డోసు ఇస్తున్నారేంటి" అని కంగారుపడొద్దు, రక్తంలో చేరే మందు దాదాపు సమానమే. అసలు ప్రమాదం రెండోవైపు ఉంది. ఫంగస్ మందు ఆపిన రోజున పాత మోతాదుకు మళ్లీ పెంచడం మరిచిపోతుంటారు. ఆ తేదీ మీరే గుర్తుపెట్టుకుని అడగండి.

నిలోటినిబ్‌ది ఇంకో లెక్క. లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటివి దానితో కలిస్తే గుండె లయ దెబ్బతినొచ్చు, ముందు ఈసీజీ తీయాలి. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ కూడా ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి, అవి మానేయండి. కమలాపండు తినొచ్చు.

టీబీ వస్తే?

మన దేశంలో ఈ ప్రశ్న తప్పించుకోలేం. టీబీ చికిత్సలో ముఖ్యమైన రిఫాంపిసిన్ ఆ ఎంజైమ్‌ను విపరీతంగా రెచ్చగొడుతుంది. దానితో కలిస్తే రక్తంలో ఇమాటినిబ్ దాదాపు 74 శాతం, దసాటినిబ్ 80 శాతానికి పైగా తగ్గుతుంది, ఇబ్రుటినిబ్ పదో వంతుకు పడిపోతుంది. టీబీ తగ్గుతుంటే లుకేమియా తిరగబెడుతుంది. అందుకని రిఫాంపిసిన్ బదులు రిఫాబుటిన్ ఇవ్వడమో, క్యాన్సర్ మందు మార్చడమో, మోతాదు పెంచడమో ఆలోచిస్తారు. టీబీ సెంటర్‌లో కిట్ చేతికిచ్చిన రోజే హెమటాలజిస్టుకు ఫోన్ వెళ్లాలి. టీబీ రాకుండా వారానికోసారి ఇచ్చే రిఫాపెంటిన్ కోర్సుకూ ఇదే ఇబ్బంది. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే మందు స్థాయి ఇలా పడిపోదు, కాలేయ పరీక్షలు మాత్రం చేయిస్తూ ఉండాలి.

దసాటినిబ్ వాడేవారు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ మందు దుష్ప్రభావంగానే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతుంది. ఆ నీటిని తీసి పరీక్షిస్తే తరచుగా లింఫోసైట్లు ఎక్కువగా కనిపిస్తాయి. టీబీ నీటిలోనూ అంతే. జ్వరం లేకుండా, బరువు తగ్గకుండా ఆయాసం మాత్రమే వచ్చి నీరు చేరితే, టీబీ మందులు మొదలెట్టేముందు "దసాటినిబ్ వల్ల కావచ్చా?" అని అడగండి. దసాటినిబ్ వల్లే అయితే మందు ఆపగానే చాలామందికి తగ్గుతుంది.

హెపటైటిస్ బి పరీక్ష ఎందుకు? నాకు కామెర్లే రాలేదు.

ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన వైరస్ కాలేయంలో నిద్రపోతూ ఉండొచ్చు. రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్ దాన్ని లేపుతాయి. ఇమాటినిబ్ జాతి మాత్రలూ, ఇబ్రుటినిబ్ కూడా అరుదుగా ఆ పని చేస్తాయి. లేచిన వైరస్ కాలేయాన్ని పూర్తిగా పాడుచేయగలదు.

హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే చేయిస్తే చాలదు, యాంటీ హెచ్‌బీసీ టోటల్ కూడా కావాలి. పాత ఇన్ఫెక్షన్‌ను పట్టిచ్చేది రెండోదే. ఐవీఐజీ (దానం చేసినవారి రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) ఎక్కించకముందే రక్తం తీయించండి. దానం చేసినవారి యాంటీబాడీలు మీ రక్తంలో చేరి తప్పుడు పాజిటివ్ చూపిస్తాయి. పాజిటివ్ అయితే ఎంటెకావిర్ 0.5 మి.గ్రా. రోజుకొకటి పరగడుపున, లేదా టెనోఫోవిర్ ఇస్తారు. రిటుక్సిమాబ్ ఆఖరి డోసు తర్వాత కూడా 12 నుంచి 18 నెలలు వాడాలి. "క్యాన్సర్ మందు అయిపోయింది, ఇదీ ఆపేద్దాం" అన్నప్పుడే వైరస్ లేస్తుంది.

ఫంగస్ ఎక్కడినుంచి వస్తుంది?

గాలిలోంచి. గోడలు పగలగొట్టే చోట, పాత గడ్డివాము కదిపినప్పుడు, ధాన్యం తూర్పారపట్టేటప్పుడు, నెలల తరబడి తుడవని కూలర్ మెత్తల్లోంచి ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ బీజాలు లేస్తాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండిన పావురాల రెట్టను పొడిగా ఊడ్చితే క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌ను పీల్చినట్టే. తడిపి, వేరేవాళ్లతో కడిగించండి. మామూలు గుడ్డ మాస్కు బీజాలను ఆపలేదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 కావాలి.

షుగర్ ఉండి స్టెరాయిడ్లు కూడా వాడుతుంటే 2021లో అందరూ విన్న బ్లాక్ ఫంగస్ ముప్పూ ఉంటుంది. ఒకవైపు ముఖం తిమ్మిరి, కంటి వాపు, ముక్కులోంచి నల్లటి చెక్కులు కనిపిస్తే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ఇబ్రుటినిబ్ వాడేవారిలో ఫంగస్ మెదడుకూ పాకొచ్చు. కొత్తగా తలనొప్పి, చూపు మసక, ఒక చెయ్యి బలహీనం అయితే గ్యాస్ అనో నరాల నీరసం అనో కొట్టిపారేయొద్దు.

జ్వరం లేకపోయినా సెప్ట్రాన్, ఎసైక్లోవిర్ ఎందుకు రాశారు?

సెప్ట్రాన్, అసలు పేరు కోట్రైమాక్సజోల్, న్యుమోసిస్టిస్ అనే న్యుమోనియా రాకుండా. డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర వారానికి మూడు రోజులు చాలు. సల్ఫా పడనివారు ముందే చెప్పాలి. ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆపి ఫోన్ చేయాలి. ఎసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు సర్పి రాకుండా. నీళ్లు బాగా తాగాలి. ఇవి అందరికీ అక్కర్లేదు, ఇమాటినిబ్ ఒక్కటే వాడేవారికి మామూలుగా రాయరు.

సర్పి వస్తే ఆకు పసర్లు, జాజు పూయడంతో కాలం గడపొద్దు. నడుము మీదో నుదుటి మీదో ఒకేవైపు మంట పుట్టి పొక్కులు లేచిన 72 గంటల్లోపు మందు మొదలైతే ఫలితం బాగుంటుంది. ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోస్తే పేషెంట్‌ను వేరే ఇంటికి పంపి, డాక్టరుకు ఆ రోజే చెప్పాలి.

జ్వరం, ఆయాసం వచ్చినా ఇన్ఫెక్షన్ కాకపోవచ్చా?

కాకపోవచ్చు. ఏఎమ్ఎల్‌కు గిల్టెరిటినిబ్, ఐవోసిడెనిబ్ వాడేవారికి, ఏపీఎల్ అనే దానిలోని ఒక రకానికి ఆట్రా, ఆర్సెనిక్ వాడేవారికి డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ అనేది వస్తుంది. క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పక్వమై అవయవాల్లోకి చేరతాయి. జ్వరం, ఆయాసం, కాళ్ల వాపు, రోజుల్లోనే కిలోల బరువు పెరగడం దీని గుర్తులు. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు, డెక్సామెథసోన్ 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు నరంలోకి ఇవ్వాలి. ఏదో తేలేదాకా రెండింటికీ కలిపే చికిత్స చేస్తారు. ఈ మందులు వాడేవారు రోజూ ఉదయం ఒకే టైముకు బరువు చూసుకుని రాసుకోవాలి. పైన ఆర్ఎంపీ వేసే డెక్సా వద్దని చెప్పి, ఇక్కడ అదే మందు అంటున్నామంటే తేడా ఇదే: ఇక్కడ అది ఎందుకో తెలిసి, కల్చర్లు తీశాక, యాంటీబయాటిక్ పక్కన పెట్టుకుని ఇస్తారు.

తిండి సంగతి? పెరుగు మానేయాలా?

అక్కర్లేదు. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచిన పెరుగు చాలామంది తినొచ్చు. న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం మీ ఆసుపత్రి ఏమంటే అది. పచ్చివన్నీ నిషేధించే కఠినమైన డైట్ వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని రుజువు కాలేదు, మనిషి చిక్కిపోవడం మాత్రం ఖాయం. వేడివేడిగా వండిన అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, తొక్క తీసి తినే అరటి, దానిమ్మ మేలైనవి.

మానాల్సినవి: చద్దన్నం, పానీపూరి, ఐస్ వేసిన చెరకు రసం, బండి మీద కోసి పెట్టిన పండ్లు, హాఫ్‌బాయిల్, పైన బూజు తీసి వాడే ఆవకాయ. గుడిలో ఇచ్చే తీర్థం కళ్లకద్దుకుని తలమీద చల్లుకుంటే చాలు. ప్రొబయాటిక్ క్యాప్సూల్స్ కౌంట్ తక్కువున్నప్పుడు వద్దు, వాటిలోని బ్యాక్టీరియా, ఈస్ట్ రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి.

తిప్పతీగ కషాయం తాగితే ఇమ్యూనిటీ పెరుగుతుందా?

న్యూట్రోఫిల్స్ పెరగవు. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు. కాలేయం పాడైతే క్యాన్సర్ మాత్రే ఆపాల్సివస్తుంది.

టీకాలు వేయించుకోవచ్చా?

చచ్చిన సూక్ష్మజీవులతో చేసినవి వేయించుకోవాలి, బతికున్న వాటితో చేసినవి వద్దు. ఏటా ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోకాకల్ టీకాలు, సర్పికి రెండు డోసుల రీకాంబినెంట్ (బతికున్న వైరస్ లేని) టీకా మంచివి. ఆటలమ్మ టీకా, ఎమ్ఎమ్ఆర్, ఎల్లో ఫీవర్, ముక్కులో చల్లే ఫ్లూ టీకా వద్దు. వీలైతే మందు మొదలెట్టక ముందే వేయించుకోండి. రిటుక్సిమాబ్ తర్వాత ఆరు నెలల దాకా టీకాకు శరీరం సరిగ్గా స్పందించదు. ఇంట్లో వాళ్లంతా ఫ్లూ టీకా వేయించుకోవడం మీకు అడ్డుగోడ. పిల్లలకు పోలియో చుక్కలు, రోటా చుక్కలు వేసిన తర్వాత కొన్ని వారాలు వాళ్ల డైపర్లు మీరు మార్చొద్దు.

కుక్క కరిస్తే ఆలోచించొద్దు. రేబిస్ టీకా బతికున్నది కాదు. గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లండి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి రక్తం రాని చిన్న గీతకు కూడా టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీలు) వేయాలి. "గీత చిన్నదే, టీకా చాలు" అంటే, లుకేమియా మందు వాడుతున్నారని మళ్లీ చెప్పండి.

పన్ను పీకించుకోవాలి. ఎలా?

ఇబ్రుటినిబ్ వాడుతుంటే పనిని బట్టి ముందు 3 నుంచి 7 రోజులు, తర్వాత అన్నే రోజులు మందు ఆపమంటారు, లేకపోతే రక్తం తొందరగా ఆగదు. ఆ వారం సీబీపీ తీయించి డెంటిస్టుకు చూపించండి. పుచ్చును నెలల తరబడి వదిలేయడం కంటే కౌంట్ బాగున్న వారం చూసి తీయించుకోవడం మేలు.

డెంగీ సీజన్లో?

దోమతెర కట్టుకోండి. జ్వరం వస్తే డెంగీ అని తేలినా బ్యాక్టీరియా లేదని కాదు, బ్లడ్ కల్చర్ తీయాల్సిందే. ఇబ్రుటినిబ్ వాడేవారిలో ప్లేట్‌లెట్ల అంకె బాగున్నా వాటి పనితనం తగ్గి ఉంటుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టొద్దు. వానాకాలం పొలంలో, బురదలో ఒట్టికాళ్లతో దిగొద్దు. షుగర్ ఉన్నవారికి మట్టిలోంచి మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకొచ్చు.

ఐవీఐజీ అందరికీ అవసరమా?

కాదు. రక్తంలో ఐజీజీ (ముఖ్యమైన యాంటీబాడీ రకం) డెసీలీటర్‌కు 400 నుంచి 500 మి.గ్రా. కంటే తగ్గి, దాంతోపాటు ఆసుపత్రిలో చేరాల్సినంత ఇన్ఫెక్షన్లు పదేపదే వచ్చేవారికే. కిలోకు 0.4 గ్రాముల చొప్పున నెలకోసారి, అంటే 60 కిలోల మనిషికి 24 గ్రాములు. చాలా ఖరీదు. రిపోర్టులో అంకె తగ్గింది, ఇన్ఫెక్షన్లు మాత్రం లేవంటే సాధారణంగా ఆగుతారు.

మందు ఆపాక ఎన్నాళ్లు జాగ్రత్త?

వెనెటోక్లాక్స్ తర్వాత న్యూట్రోఫిల్స్ సాధారణంగా వారాల్లో లేస్తాయి, వరుసగా సీబీపీలు చేయించి చూసుకోవాలి. రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్ తర్వాత బి కణాలు తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఐడెలాలిసిబ్ ఆపాక కోట్రైమాక్సజోల్ ఇంకా రెండు నుంచి ఆరు నెలలు కొనసాగిస్తారు. పర్సులోని చీటీని అప్పటిదాకా తీయకండి, మందు ఆపిన తేదీ కూడా దానిమీద రాయండి.